ఆ వేలాడే బాతుల స్టాల్: ఏం అడగాలి, ఎలా తినాలి, మా బాపు ఎందుకు అలిగాడు

ఇవాళ తిండి గురించి. ఖాళీ కడుపుతో చూస్తున్నవాళ్ళు ముందు ఏదన్నా తినేసి రండి. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

బే ఏరియాలో ఉన్న మనవాళ్ళకి ఈ సీన్ బాగా తెలుసు. మిల్పిటాస్, ఫ్రీమాంట్, కూపర్టినో, ఎటు పోయినా ఒక పెద్ద చైనీస్ సూపర్ మార్కెట్ ఉంటుంది. మనం దేనికి పోతాం? తాజా చేపలకి, రొయ్యలకి, చవగ్గా దొరికే కొత్తిమీరకి, అల్లానికి. ట్రాలీ తోసుకుంటూ బయటికి వస్తుంటే ఒక పక్కన చిన్న ఫుడ్ కోర్టు. అందులో ఒక స్టాల్‌కి ముందు నిలువెత్తు అద్దం. అద్దం వెనక లైట్ల కింద, కొక్కేలకి, మెడతో సహా నిండు బాతులు వేలాడుతుంటాయి. గోధుమ రంగులో నిగనిగలాడుతూ. పక్కన ఎర్రటి మాంసం బద్దలు. ఇంకో పక్కన పెద్ద పలక లాంటి పంది మాంసం, పైన తోలు పొక్కులు పొక్కులుగా.

మనవాళ్ళలో సగం మంది అక్కడ స్పీడ్ పెంచుతారు. పిల్లలుంటే కళ్ళు మూస్తారు. నేనూ రెండేళ్ళు అలాగే దాటిపోయాను. నా కారణం మాత్రం వేరు. అది తర్వాత చెప్తా.

ముందు ఆ స్టాల్ ఏంటో చూద్దాం. దీన్ని కాంటనీస్ భాషలో సియూ మేయ్ అంటారు. నిప్పు మీద కాల్చిన మాంసాలన్నిటికీ కలిపి ఆ పేరు. కాంటనీస్ అంటే దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం, హాంకాంగ్, మకావ్, ఆ చుట్టుపక్కల వాళ్ళ భాష, వాళ్ళ వంట. మనం హైదరాబాద్‌లో తినే "చైనీస్"కి దీనికి సంబంధం చాలా తక్కువ. మన ఇండియన్ చైనీస్ పుట్టింది కోల్‌కతాలో స్థిరపడిన చైనా వాళ్ళ వంటిళ్ళలో. వాళ్ళలో హక్కా వాళ్ళు ఎక్కువ, హక్కా నూడుల్స్ అనే పేరు అట్లా వచ్చిందే. మంచూరియా నాకూ ఇష్టమే, దాన్ని ఏమీ అనను. కానీ ఆ రుచి కోసం ఈ స్టాల్ ముందు నిలబడితే మాత్రం మోసపోతారు. ఇక్కడ కారం లేదు, గ్రేవీ లేదు.

హాంకాంగ్‌లో ఇళ్ళు చిన్నవి. వంటింట్లో నిండు బాతుని వేలాడదీసి కాల్చే పొయ్యి ఎవరింట్లోనూ ఉండదు. అందుకని కాల్చిన మాంసం కొట్టులో కొనుక్కోవాల్సిందే. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ, లేదా అనుకోకుండా చుట్టాలొస్తే, కొట్టుకి పోయి ఒక డబ్బా కొట్టించుకుని వస్తారు. దానికి వాళ్ళ దగ్గర ఒక మాటే ఉంది, జామ్ లియూ. "కొట్టించుకు రావడం" అన్నమాట. మన ఊళ్ళల్లో చుట్టాలు రాగానే పిల్లాడి చేతిలో డబ్బులు పెట్టి "అర కిలో పట్టుకురా పో" అంటారు చూడండి, అదే పని. కాకపోతే వాళ్ళది వండిన మాంసం.

ఆ అద్దం వెనక ఉన్నవి ఒక్కొక్కటీ చెప్తా.

ఎర్రటి బద్దలు ఉన్నాయి కదా, అవి చా సియూ. ఆ పేరుకి శూలానికి గుచ్చి కాల్చింది అని అర్థం. పంది భుజం మాంసాన్ని పొడుగు బద్దలుగా కోసి చక్కెర, సోయా సాస్, ఐదు మసాలాల పొడి లాంటివి పట్టించి నానబెడతారు. కొన్ని చోట్ల పులియబెట్టిన ఎర్ర టోఫు కూడా వేస్తారు. కాల్చేటప్పుడు మాల్టోజ్ పాకం పూస్తారు, ఆ మెరుపు దానిదే. ఎరుపు ఆ టోఫు నుంచి రావొచ్చు, చాలా చోట్ల ఉట్టి ఫుడ్ కలర్. అంచులు మాడినట్టు నల్లగా ఉన్న ముక్కలే అసలైనవి, అవి అడిగి తీసుకోండి. ఇంకో చిట్కా: "బూన్ ఫే సౌ" అనండి. సగం కొవ్వు, సగం కండ అని అర్థం. ఆ మాట అనగానే కౌంటర్ వెనకాయన తల ఎత్తి మిమ్మల్ని ఒకసారి చూస్తాడు. ఆ చూపు కోసమైనా అనండి.

చా సియూ అంటే వాళ్ళకి ఎంత సొంతమంటే, కాంటనీస్ అమ్మలు పిల్లల మీద కోపం వస్తే "నిన్ను కనే బదులు ఒక చా సియూ ముక్కని కన్నా బాగుండేది" అని తిడతారు. తినడానికైనా పనికొచ్చేదని. మన అమ్మలు "నీ బదులు బండరాయిని కన్నా బట్టలుతుక్కునేదాన్ని" అంటారు కదా. అమ్మలు ఎక్కడైనా అమ్మలే, వాళ్ళకి తిండి గుర్తొచ్చింది, మనవాళ్ళకి చాకిరీ గుర్తొచ్చింది. (నవ్వు)

ఆ పలక లాంటిది సియూ యోక్. పంది పొట్ట మాంసం. తోలు మీద సూదులతో వందల చిల్లులు పొడిచి, ఉప్పు పట్టించి, బాగా ఆరబెట్టి, గట్టి మంట మీద కాలుస్తారు. తోలులో తడి మిగిలితే పొంగదు, పళ్ళు విరుగుతాయి. సరిగ్గా కుదిరితే అప్పడంలా కరకరమంటుంది. దీని మీద సాస్ పోయించుకోకండి, విడిగా అడగండి. లేకపోతే ఆ కరకర ఇంటికి చేరేలోపే పోతుంది.

ఇక బాతు. సియూ ఆప్. హాంకాంగ్‌లో బాతు కంటే పెద్ద బాతు, గూస్ అంటారే, దానికి పేరెక్కువ. అమెరికాలో ఈ స్టాళ్ళలో కనబడేది ఎక్కువగా మామూలు బాతే. దీన్ని పెకింగ్ డక్‌తో కలపొద్దు. అది బీజింగ్ వాళ్ళది, పల్చటి రొట్టెల్లో చుట్టుకుని తింటారు. ఇది అన్నంతో తినేది. బాతు తోలుకీ కొవ్వుకీ మధ్య గాలి ఊదుతారు, తోలు విడివడాలని. పొట్టలో మసాలా పోసి కుట్టేస్తారు. మీద మరుగుతున్న నీళ్ళు పోస్తే తోలు బిగుసుకుంటుంది. తర్వాత మాల్టోజ్, వెనిగర్ కలిపిన నీళ్ళు పూసి గంటలు గంటలు ఆరబెడతారు. అప్పుడు నిలువుగా వేలాడదీసి కాలుస్తారు. అంటే బాతు బయట నుంచి కాలుతుంది, లోపల తన రసంలో తనే ఉడుకుతుంది. ఈ లోపలి రసం సంగతి గుర్తుపెట్టుకోండి, మా ఇంట్లో దానివల్లే గొడవ అయింది.

పక్కనే సోయా కోడి, ఉడకబెట్టిన తెల్ల కోడి కూడా ఉంటాయి. తెల్ల కోడి చూస్తే చప్పిడి పత్యం అనిపిస్తుంది. కానీ దాంతో ఒక చిన్న గిన్నెలో అల్లం, ఉల్లికాడలు సన్నగా తరిగి ఉప్పు వేసి కాగిన నూనె పోసింది ఇస్తారు. అన్నంలో ఆ ఒక్కటీ కలుపుకున్నా చాలు. నేనైతే రెండు గిన్నెలు అడుగుతా, సిగ్గుపడను.

ఆర్డర్ ఎలా ఇవ్వాలి? రెండు రకాలు, అన్నం, కాస్త ఆకుకూర కలిపి ఒక బాక్స్. ఈ మధ్య నాకు 15 డాలర్ల లోపే అయింది. మధ్యాహ్నం భోజనాల వేళ, సాయంత్రం డిన్నర్‌కి ముందు, ఈ రెండు టైముల్లోనే సరుకు తాజాగా వేలాడదీస్తారు. రాత్రి మూసేముందు పోతే ఎండిపోయిన మెడలు మిగులుతాయి. అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తినేయండి. ఇంటికి తెచ్చుకుంటే డబ్బా మూత కొంచెం తెరిచి పెట్టండి, ఆవిరికి తోలు మెత్తబడుతుంది. మళ్ళీ వేడి చేయాలంటే మైక్రోవేవ్ వద్దు, ఎయిర్ ఫ్రయర్.

ఇంకో సంగతి కచ్చితంగా చెప్పాలి. పంది తిననివాళ్ళు మన చూసేవాళ్ళలో చాలామంది ఉన్నారు. హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. ఈ స్టాళ్ళలో సాధారణంగా పంది, బాతు, కోడి అన్నీ ఒకే మొద్దు మీద ఒకే కత్తితో కొడతారు. అది తెలిసి నిర్ణయం మీరు తీసుకోండి. వెజ్ వాళ్ళకైతే ఇక్కడ ఏమీ లేదు, పక్క స్టాల్ చూసుకోండి.

ఇప్పుడు మా బాపు దగ్గరికి వద్దాం.

మాది జనగామ దగ్గర ఒక చిన్న ఊరు. మా బాపుది మటన్ కొట్టు. తాతది కూడా అదే. ఆదివారం పొద్దున్నే నాలుగింటికి లేచి, ఏడింటికల్లా రెండు పొట్టేళ్ళు కొక్కేలకి ఎక్కేవి. ఎనిమిదో క్లాసు నుంచి నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాణ్ణి. ముక్కలు నల్ల కవర్లో వేసి, ముడేసి ఇవ్వడం నా పని. నల్ల కవర్ ఎందుకో తెలుసు కదా, బయటికి కనబడొద్దని. తినేవాళ్ళే దాచుకుని తీసుకుపోతారు. కొట్టేవాడి సంగతి ఇక చెప్పాలా.

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చేరాక, మీ ఫాదర్ ఏం చేస్తారు అని ఎవరడిగినా "బిజినెస్" అన్నాను. నాలుగేళ్ళు అదే మాట. ఇక్కడికొచ్చి ఎమ్మెస్ చేసినప్పుడూ అదే, ఆఫీసులోనూ అదే. రూమ్మేట్స్‌కి హోల్‌సేల్ వ్యాపారం అనుకునే వీలు ఇచ్చాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ అద్దం ముందు నేను స్పీడ్ పెంచి దాటిపోయిన కారణం ఇదీ. వేలాడే మాంసం చూసి నాకు వాంతి రాలేదు. కొట్టు గుర్తొచ్చేది.

ఒక వాన సాయంత్రం ఆకలేసి, పక్క స్టాళ్ళన్నీ క్యూలుండి, మొదటిసారి ఆ అద్దం ముందు నిలబడ్డాను. లోపల ఒక పెద్దాయన. అరవై దాటి ఉంటుంది. వెడల్పాటి కత్తి, గుండ్రటి చెక్క మొద్దు. బాతుని కొక్కెం నుంచి తీసి, సగానికి చీల్చి, వేలు మందాన టక టక టక కొట్టి, కత్తి మీదే ఎత్తి, అన్నం మీద బాతు ఆకారంలోనే పరిచాడు. నా ముందున్న ముసలమ్మ ఆయన్ని "సీ ఫూ" అని పిలిచింది. ఆ మాట నాకు తెలుసు. మీకూ తెలుసు. కుంగ్ ఫూ పాండా సినిమాలో ఆ చిన్న గురువు పేరు షీఫూ కదా? అదే మాట, అది మాండరిన్ పలుకుబడి, ఇది కాంటనీస్. గురువు, పనిలో ఆరితేరినవాడు అని. మాంసం కొట్టేవాణ్ణి గురువుగారూ అని పిలుస్తున్నారు, సూపర్ మార్కెట్ ఫుడ్ కోర్టులో, లైట్ల కింద.

ఆ రోజు తిన్న అన్నం రుచి నాకు సరిగ్గా గుర్తులేదు, నిజం చెప్తున్నా. తర్వాత నెలకి నాలుగుసార్లు పోయేవాణ్ణి.

పోయిన ఏడాది వేసవిలో మా బాపు ఆరు వారాల కోసం వచ్చాడు. అమ్మ చెల్లె డెలివరీ ఉందని ఊళ్ళోనే ఆగిపోయింది. ఇక్కడ ఆయనకి ఏం తోచేది కాదు. గోల్డెన్ గేట్ బ్రిడ్జి చూపిస్తే పది నిమిషాల్లో "పోదామా" అన్నాడు. మన మాల్‌లో మటన్ ముక్కలు ప్లాస్టిక్ ట్రేలో చూసి "ఎప్పుడు కోసిండ్రో ఏమో" అని వెనక్కి పెట్టాడు. రెండో వారం ఈ సూపర్ మార్కెట్‌కి తీసుకుపోయాను. చేపల కోసమే. బయటికి వస్తూ అద్దం ముందు ఆగిపోయాడు.

"గీడ ఏలాడదీసిండ్రేంది? ఫ్రిజ్‌ల పెట్టరా?"

ఈ ప్రశ్న మామూలు ప్రశ్న కాదండీ. కాలిఫోర్నియా హెల్త్ ఇన్‌స్పెక్టర్లు కూడా సరిగ్గా ఇదే అడిగారు. వండిన మాంసం బాగా చల్లగా అయినా ఉండాలి, బాగా వేడిగా అయినా ఉండాలి. ఇప్పటి లెక్క ప్రకారం 5 డిగ్రీల సెల్సియస్ కింద, లేదా 57 పైన. మధ్యలో ఉంటే రూల్ తప్పినట్టే. బాతులు గది వేడిలోనే వేలాడతాయి కాబట్టి చైనా వాళ్ళ కొట్లకి నోటీసులు ఇచ్చారు. ఫ్రిజ్‌లో పెడితే తోలు సాగుతుంది, వేడి మీద ఉంచితే మాంసం ఎండిపోతుంది. అప్పుడు ఆర్ట్ టోరెస్ అనే అసెంబ్లీ సభ్యుడు బిల్లు పెట్టాడు, ఏబీ 2603. అది 1982లో చట్టమైంది. కాల్చిన చైనీస్ బాతుని నాలుగు గంటల వరకు గది వేడిలో వేలాడదీయొచ్చని. జనం దాన్ని రోస్ట్ డక్ బిల్లు అనే పిలిచారు. ఇంకో లెక్క చూడండి. చైనా కూలీలు అమెరికాలోకి రాకుండా చేసిన చట్టం 1882లో వచ్చింది. అప్పటికే ఇక్కడున్న చైనా వాళ్ళలో ఎక్కువమంది ఈ కాంటన్ ప్రాంతం వాళ్ళే. మనుషుల్ని ఆపిన చట్టానికీ, వాళ్ళ బాతుకి అనుమతి ఇచ్చిన చట్టానికీ మధ్య సరిగ్గా వందేళ్ళు.

ఇదంతా మా బాపుకి చెప్పాను. ఆయన సగమే విన్నాడు. కళ్ళు మొద్దు మీదున్నాయి.

"గా పంది గదే మొద్దు మీద కొడ్తుండు గదరా."

మా ఇంట్లో పంది తినరు. నేను ఇక్కడికొచ్చాక మొదలుపెట్టాను, ఆయనకి తెలుసు, ఎప్పుడూ అడగలేదు. సరే పోదాం పదా అన్నాను. ఆయన కదల్లేదు. కాసేపాగి అన్నాడు, "కోయొద్దని చెప్పు. నిండు బాతే ఇయ్యమను. ఇంట్ల నేనే కొడ్త."

నిండు బాతు కొన్నాం. ఆ స్టాళ్ళలో కొట్టాలా వద్దా అని వాళ్ళే అడుగుతారు, వద్దనొచ్చు, తప్పేం లేదు. సీ ఫూ మాత్రం కొంచెం ఆశ్చర్యంగా చూశాడు.

ఇంటికొచ్చాక సీన్ ఊహించుకోండి. అపార్ట్‌మెంట్ కిచెన్. ప్లాస్టిక్ కటింగ్ బోర్డు. నా దగ్గరున్న వాటిలో పెద్ద కత్తి ఇచ్చాను. నలభై ఏళ్ళు పొట్టేళ్ళు కొట్టిన మనిషి. లుంగీ ఎగ్గట్టి, బోర్డు కింద తడి గుడ్డ వేసి, బాతుని పడుకోబెట్టి ఒక్క దెబ్బ వేశాడు.

పొట్టలో రసం ఉందని చెప్పాను కదా. అదంతా కౌంటర్ మీద, ఆయన లుంగీ మీద, నేల మీద. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. రెండో దెబ్బకి బోర్డు జారింది. మూడో దెబ్బకి తోలు మొత్తం జాకెట్ విప్పినట్టు ఊడి వచ్చింది. బొక్కలు పెచ్చులు పెచ్చులుగా పగిలాయి. పచ్చి మటన్ తడిగా, గట్టిగా ఉంటుంది, బలంగా కొట్టాలి, కీలు చూసి మళ్ళీ కొట్టాలి. కాలిన బాతుకి ఆ బలమే శత్రువు. బొక్క సన్నం, తోలు పెళుసు. ఒక్క దెబ్బ నిటారుగా పడాలి, పడ్డచోట మళ్ళీ పడకూడదు.

ఆయన కత్తి కడిగి పక్కన పెట్టి బాల్కనీలోకి పోయి కూర్చున్నాడు. అలిగాడు. బాతు మీదా, నా మీదా, ఆ ప్లాస్టిక్ బోర్డు మీదా, తెలీదు. తర్వాత వచ్చి, ఆ పెచ్చుల్లో బొక్కలేరి పారేసి, అన్నంలో కలుపుకుని తిన్నాడు. "రుచుంది" అని ఒక్క మాట. మిగిలిన బొక్కలు, మెడ వేసి చింతపండుతో చారు పెట్టాడు. కాంటనీస్ వాళ్ళు ఈ బొక్కలతో అన్నం గంజి కాస్తారు. మా చారు కూడా తక్కువేం కాదు. ఈ రెసిపీ అడగొద్దు, ఆయన ఏం వేశాడో ఆయనకే తెలీదు.

వారం తర్వాత ఆయనే అడిగాడు, గా కొట్టుకి పోదామా అని.

ఈసారి కొనలేదు ముందు. అద్దం పక్కన, చెత్తడబ్బా దగ్గర, చేతులు వెనక్కి కట్టుకుని అరగంట నిలబడ్డాడు. నాకు ఇబ్బందిగా ఉంది. జనం చూస్తున్నారు. సీ ఫూ కూడా గమనించాడు. ఆయన బాతుని తీయగానే ముందు తోక దగ్గర కుట్టు విప్పి, రసం మొత్తం గిన్నెలోకి వంచుతున్నాడు. మా బాపు నా మోచెయ్యి గిల్లాడు. "సూస్నవా? ముందుగాల పులుసు తీస్తుండు." తర్వాత కత్తి ఎత్తు చూపించాడు. "జానెడు గూడ లేపుతలేడు. బరువంత కత్తిదే. గాయనకు ఒక్కటే దెబ్బ, నాకు మూడు పడ్డయ్."

రద్దీ తగ్గాక సీ ఫూ గ్లోవ్ తీసి, అద్దం పక్కకి వచ్చి, మా బాపుని కాదు, నన్ను అడిగాడు. ఇంగ్లీషు తక్కువే ఆయనకి. మీ నాన్నా? చెఫ్ ఆ? అని.

ఒక్క సెకను. ఆ "బిజినెస్" అనే మాట నాలుక చివరికి వచ్చింది, అలవాటు కదా. వెనక క్యూలో మా ఆఫీసు అతను ఉన్నాడు, మనవాడే, విజయవాడ వైపు. అతనికి నా తెలుగూ అర్థమవుతుంది, ఇంగ్లీషూ అర్థమవుతుంది.

"బుచర్," అన్నాను. "గోట్. ఫార్టీ ఇయర్స్."

సీ ఫూ మా బాపు చేతులు చూశాడు. కుడి అరచెయ్యి చూపించమన్నట్టు సైగ చేశాడు. మా బాపు చూపించాడు. చూపుడువేలు మొదట్లో కాయ కాసి ఉంటుంది, కత్తి పిడి ఒరిసే చోట. సీ ఫూ తన చెయ్యి తిప్పి చూపించాడు. అక్కడే, అలాగే. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఏం చెయ్యాలో తెలీక ఫోన్ చూసుకున్నాను.

తర్వాత ఆయన చేసిన పని నేను అడగలేదు. కత్తిని వేణ్ణీళ్ళతో కడిగాడు. వెనక నుంచి వేరే మొద్దు తెచ్చాడు, చిన్నది, పొడిగా ఉంది. దాని మీద ఒక బాతుని సగం కొట్టాడు, నెమ్మదిగా, మా బాపుకి కనబడేలా పక్కకి తిరిగి. మా బాపు "సీ ఫూ" అన్నాడు. ఆ ముసలమ్మలు పిలిచేది విని పట్టుకున్నాడు. అద్దం అవతల నుంచి ఆయన ఇటు వేలు చూపించి, తిరిగి "సీ ఫూ" అన్నాడు.

ఆ రోజు ఫుడ్ కోర్టులోనే తిన్నాం. ప్లాస్టిక్ ఫోర్కు పక్కన పెట్టి, చేత్తో. రేగుపండు పులుపులా తీయపుల్లగా ఉండే సాస్ ఇస్తారు బాతుతో, అది ఆయనకి నచ్చలేదు, "బెల్లం బోసిండ్రు" అన్నాడు. అల్లం ఉల్లికాడల నూనె మాత్రం మొత్తం ఊడ్చాడు. ముక్కల్లో బొక్క నమిలి, పిండి చేసి, పక్కన కుప్ప పెట్టాడు. పక్క టేబుల్ మీద ఒక కాంటనీస్ తాత కూడా అదే పని చేస్తున్నాడు. బోన్‌లెస్ అడిగేవాళ్ళు ఈ స్టాల్‌కి రావొద్దు, ఇది నా గట్టి అభిప్రాయం. మనకి నల్లి బొక్క పీల్చడం చిన్నప్పటి నుంచి వచ్చు, ఇక్కడ మనమే పాస్.

ఆ విజయవాడ అబ్బాయి సోమవారం ఆఫీసులో కాఫీ దగ్గర కలిశాడు. ఏదో అంటాడని చూశాను. "బ్రో, మీ డాడీని అడిగి చెప్పు, ఇక్కడ మటన్ కొనేటప్పుడు లేతదని ఎలా గుర్తుపట్టాలి?" అన్నాడు. బాపుకి ఫోన్ కలిపి ఇచ్చాను. ఇరవై నిమిషాలు మాట్లాడాడు. నా మీటింగ్ పోయింది.

బాపు వెళ్ళేలోపు ఇంకో రెండు నిండు బాతులు కొన్నాం. రెండోదానికి చైనీస్ కత్తి కూడా కొన్నాడు, అదే సూపర్ మార్కెట్‌లో, గిన్నెల వరసలో. ఒక చెక్క మొద్దు ఆర్డర్ పెట్టించాడు నాతో. ముందు రసం వంచాడు. కాసేపు చల్లారనిచ్చాడు. తోలు నిలిచింది, కాళ్ళ దగ్గర మాత్రం ఇంకా పెచ్చులు వచ్చాయి. ఆకారంలో పరిచాడు కానీ బాతులా లేదు, కొంచెం కోడిలా, కొంచెం తాబేలులా ఉంది. ఫోటో ఉంది, స్క్రీన్ మీద పెడుతున్నా, మీరే చెప్పండి.

ఆ కత్తి సూట్‌కేసులో జనగామకి పోయింది. పొట్టేలుకి పనికిరాదు, బొక్కకి అంచు విరుగుతుంది అని అమ్మ దాంతో కూరగాయలు కోస్తోందట. మొద్దు నా దగ్గరే ఉంది.

నేను ఇప్పటికీ ఆ స్టాల్‌కి పోతుంటా. పోయిన శనివారం పోతే సీ ఫూ బాక్స్ కడుతూ "ఫాదర్?" అన్నాడు. ఇండియాలో అన్నాను. బాక్స్ మళ్ళీ తెరిచి, మాడిన అంచు చా సియూ ముక్క ఒకటి ఎక్కువ వేసి, మూత పెట్టి ఇచ్చాడు.

సరే ఫ్రెండ్స్, మీ ఊళ్ళో ఇలాంటి స్టాల్ ఉంటే మధ్యాహ్నం పన్నెండులోపు పోండి, "బూన్ ఫే సౌ" మర్చిపోకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.